ఇసుక బస్తాకి పిల్లి కనబడదు

నీళ్ళ నాణ్యత పరీక్షించే ల్యాబులో పనిచేసే అతన్ని మేడలోని వాళ్ళంతా ‘నీళ్ళసారు’ అంటారు. కాపురం నాలుగో అంతస్తులో; లిఫ్టు లేదు. ఒక సాయంత్రం ఏడాదిన్నర కూతుర్ని ఎత్తుకుని మెట్లెక్కుతుంటే నడుం పట్టేసింది. పిల్ల జారలేదు గానీ అతని గుండె జారిపోయింది. అప్పటినుంచీ పిల్లని భార్యే మోస్తోంది. కింద మెట్ల దగ్గర కూతురు “నాన్నా, ఎత్తు” అని చేతులు చాపితే, అతను తన చేతిలోని సంచులు చూపించి తప్పించుకునేవాడు.

నొప్పి పోయింది, భయం పోలేదు. కండ బలపడాలి, కొద్దికొద్దిగా బరువులెత్తమన్నాడు డాక్టరు. ఇంకేం, ఇనప డంబెల్సు మేలా, రబ్బరు పట్టీలు మేలా అని వారం రోజులు పట్టికలు గీశాడు.

“వ్యాయామం మొదలైందా, ఇంకా పరిశోధనేనా?” అంది భార్య.

“నేనెత్తాల్సింది డంబెల్ కాదుగా, పిల్లని!”

పాత జీన్సు ప్యాంటు కాలు కత్తిరించి, ఇసుక పోసి, కొసలు కుట్టి బస్తా చేశాడు. మూడు కిలోలతో మొదలుపెట్టి వారం వారం పెంచుతూ పదకొండు కిలోల రెండువందల గ్రాములకి తెచ్చాడు. అచ్చంగా కూతురి బరువు.

“అన్నం తినకముందు బరువా, తిన్నాకా?” అని భార్య ఆటపట్టించింది.

ఆ ధైర్యంతో ఒకరోజు పిల్లని ఎత్తుకుని మెట్లెక్కాడు. రెండో అంతస్తు కిటికీలో పిల్లి కనబడగానే పిల్ల ఒళ్ళంతా వెనక్కి విరుచుకుంది. అతను పిల్లని గట్టిగా పట్టుకుని మెట్టుమీదే చతికిలబడ్డాడు.

“బస్తా ఎప్పుడూ ఇలా చెయ్యలేదే,” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

“బస్తాకి పిల్లి కనబడదు కదండీ!” అంది వెనకే వస్తున్న భార్య.

నవ్వుతూనే అతను ఆలోచనలో పడ్డాడు. ల్యాబులో నిండు నీళ్ళడబ్బా బుద్ధిగా ఉంటుంది. సగం నిండినదే మోసేవాణ్ణి అటూ ఇటూ లాగుతుంది. మర్నాడే ఇంట్లో మూలనున్న ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డబ్బా కడిగి, సగానికి నీళ్ళు పోసి, మూత బిగించి, గుండెలకి హత్తుకుని నడిచాడు. నీళ్ళు ఎటు ఊగితే అటు తూలాడు. నెల తిరిగేసరికి తూలడం మానేశాడు.

ఆదివారం కూరగాయల సంచులు భార్య చేతికిచ్చి, కూతుర్ని ఎత్తుకున్నాడు. రెండో అంతస్తులో పిల్లి అక్కడే ఉంది. “పిల్లీ, పిల్లీ” అని పిలుస్తూ పిల్ల ఒక్కసారిగా అటు వాలింది. అతని కాళ్ళు వాటంతటవే ఎడంగా జరిగాయి, నడుం నిలబడింది.

వెనకనుంచి భార్య, “ఆగిపోయారేం? మళ్ళీ పట్టేసిందా?”

“అబ్బే, అదేం లేదు. పిల్లి ఇంకా ఇటు చూడలేదు.”