డబ్బా మూత

అమీర్‌పేట ల్యాబులో మూత్రపరీక్షకి చిన్న ప్లాస్టిక్ డబ్బా చేతికిస్తూ, "మూత గట్టిగా పెట్టండి మేడమ్" అంది అక్కడి అమ్మాయి. మూడుసార్లు బిగించాను.

నాకు పదేళ్ళప్పుడు నానమ్మకి కడుపునొప్పి పట్టుకుంది. మలపరీక్ష చేయించమన్నాడు డాక్టరు. మలం పట్టిన డబ్బా కొడుకు చేతికివ్వడానికి సిగ్గుపడి, కాగితంలో చుట్టి, కొంగుచాటున తెచ్చి నాకిచ్చింది నానమ్మ.

"ల్యాబుల ఇచ్చిరా బిడ్డా. ఎవ్వలకు చూపియ్యకు, జర పైలం."

పంజాగుట్ట చౌరస్తాలో మా క్లాసు పిల్ల ఎదురొచ్చింది.

"ఏం తీస్కపోతున్నవే? నాకు సుత చూపియ్" అంటూ చెయ్యి చాపింది.

ఏం లేదంటూ పరుగెత్తి, డబ్బాని సందు మలుపులో ఉన్న చెత్తకుండీలో పారేశాను.

ఇంటికొచ్చి, "డబ్బా కారిపోయిందంట. మళ్ళ ఇయ్యమన్నరు" అని చెప్పాను.

తిడుతుందనుకున్నాను. నానమ్మ ముఖం చిన్నబోయింది. నన్ను నల్లా దగ్గరికి తీసుకుపోయి, సబ్బుతో నా చేతులు రుద్ది రుద్ది కడిగింది.

"నేనే మూత సక్కగ పెట్టలే బిడ్డా. నీ చేతులకు అంటిందా?"

నా చేతులకి ఏమీ అంటలేదు. ఆ మాట చెప్పకుండా, కడిగించుకుంటూ నిలబడ్డాను.