కారు కిందికి వెళ్ళే ముందు

మడికొండలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిన్న ఎవరో కారుకు జాకీ ఎత్తుతున్నారు. కిర్రు కిర్రుమనే ఆ చప్పుడు చెవిన పడగానే నా కాళ్ళు ఆగిపోయాయి. కూరగాయల సంచీ కింద పెట్టి, కారు కింద ఎవరైనా ఉన్నారేమోనని వంగి చూశాను. ఎవరూ లేరు. అయినా ఇంకోసారి వంగి చూశాను. ఈ భయం నాకు పుట్టింటి నుంచి రాలేదు, మా మామయ్య ఇచ్చి వెళ్ళినది. ఆయన ఆస్తిపాస్తుల్లో మిగతావాళ్ళకూ వాటాలున్నాయి గానీ ఇది మాత్రం నాకొక్కదానికే దక్కింది.

మట్టెవాడలో ఆయనది గిన్నెల దుకాణం. బజారంతా ఆయన్ను చాటుగా పిరికి సేటు అనేవారు. షట్టర్‌కు తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా వచ్చి, వెనక్కి వెళ్ళి మళ్ళీ లాగి చూసేవారు. గ్యాస్ కట్టేశానని అత్తమ్మ ఒట్టేసి చెప్పినా లేచి వెళ్ళేవారు. తాడును చూసినా పామే అనుకునే మనిషి అని మా ఆయన నవ్వేవాడు. కొత్త కోడలిని కాబట్టి నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

ఆ నవ్వు కొన్నేళ్ళకు పాలకుర్తిలో ఆగిపోయింది. గుడికి వెళ్ళి గుట్ట దిగుతుంటే మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. మా ఆయన స్టీరింగ్ గట్టిగా తిప్పేసరికి మా పాత కారు ఒక పక్కకు ఒరిగి, ఊగి, ఎలాగో నిలబడింది. నా ఒళ్ళో ఉన్న మా నాలుగేళ్ళ పాప తల తలుపుకు ఠక్కున తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. అందరూ దేవుడి దయ అనుకుని దారిలో మిర్చి బజ్జీలు తిన్నారు. మామయ్య తినలేదు. ఇంటికి వచ్చాక కూడా పాప నుదురు తడుముతూ కూర్చున్నారు.

కొన్నాళ్ళకు మామయ్య తెప్పించిన పొడుగాటి పార్సిల్ ఒకటి వచ్చింది. ముందు చక్రాల సస్పెన్షన్‌ను కింది నుంచి అటూ ఇటూ కలిపి పట్టే బ్రేస్ అనే ఇనుప కడ్డీ అట. బిగిస్తే మలుపుల్లో బండి మెలి తిరగదట. మెకానిక్‌కు ఇద్దామన్నాడు మా ఆయన. ఎవరో బిగించిన బోల్టును నమ్మి పాపను కూర్చోబెట్టలేనన్నారు మామయ్య. ఫోన్‌లో వీడియోలు చూసి చూసి నేర్చుకున్నారు. ఒక ఆదివారం పొద్దున వాకిట్లో కారు ముందు భాగం ఎత్తి, రెండు స్టాండ్ల మీద ఆనించి, చక్రాలు విప్పి, కింద పడుకోవడానికి గోనెసంచి పరిచారు. సాయానికి నన్ను పిలిచారు. ఇక దూరతారనుకుంటే, లేచి వచ్చి కారుకు రెండు చేతులూ ఆనించి, నన్నూ ఆనించమన్నారు.

"నూకు బిడ్డా. పడేదుంటే మనం బయటున్నప్పుడే పడాలె."

ఇదొక చాదస్తం అనుకుంటూనే నూకాను. ఫట్‌మని చప్పుడైంది. ఒక స్టాండు కింద షాబాద్ బండ పగిలింది. దాని కింద పాత మోరీ కాలువ ఉన్నదని ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. కారు ఒరిగి, స్టాండు మీంచి జారి, దబ్బున కూలింది. గోనెసంచి ఇనుము కింద నలిగిపోయింది. మామయ్య గోడకు ఆనుకుని కూలబడ్డారు. అత్తమ్మ తిట్టింది, మా ఆయన అరిచాడు.

మరుసటి ఆదివారం గేటు బయట సీసీ రోడ్డు మీద ఎత్తారు. ఇద్దరం నూకి చూశాం, కదల్లేదు. ఆయన కిందికి దూరారు గానీ చేతులు వణికి పానా బోల్టు మీద నిలవలేదు. బయటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నారు. కిందికి నేను పోతానన్నాను. పాప తల తలుపుకు తగిలిన ఆ చప్పుడు నన్నూ నిద్రపోనివ్వడం లేదు.

"భయమైతాందా బిడ్డా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. "అయితాంది మామయ్యా."

"అయితే పో. లేదన్నవంటే పోనిచ్చేటోణ్ణి కాదు. భయం లేనోడు సగం బిగిచ్చి లేసొస్తడు."

కింద మట్టి వాసన, నూనె వాసన. నా ఛాతీకి జానెడు పైన కారు బరువంతా ఉంది. ఊపిరి గట్టిగా పీలిస్తే దానికి తగులుతానేమోనని భయం వేసింది. పక్కన మామయ్య చెప్పులు మాత్రం కనిపిస్తున్నాయి. ఆయన ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నారు, ఏ బోల్టు తర్వాత ఏదో, ఎటు తిప్పాలో. బోల్టులన్నీ బిగించి, మొదటి నుంచి మళ్ళీ ఒక్కొక్కటే లాగి చూసి గానీ నేను బయటికి రాలేదు. వచ్చి రోడ్డు మీదే కూర్చుని ఏడ్చాను. కారు ఊగడం తగ్గిందా అంటే, కొంచెం తగ్గింది.

కొన్నేళ్ళకు ఆయన గుండెకు ఆపరేషన్ అన్నారు. దవాఖానలో స్ట్రెచర్ చుట్టూ చేరి అందరూ ఏం కాదు, భయపడొద్దు అంటున్నారు. ఆయన నా మణికట్టు పట్టుకుని, "భయమైతాంది బిడ్డా" అన్నారు. ఆ మాట ఆయన ఇంట్లో ఇంకెవరితోనూ అనగా నేను వినలేదు. నాకూ అయితాంది మామయ్యా అన్నాను. ఆపరేషన్ గది తలుపు దాకా నేను ఆయన చేయి వదల్లేదు. ఆయన తిరిగి రాలేదు. ఆ పూట నేనూ అందరిలాగే ధైర్యం చెప్పి ఉంటే, లోపలికి ఒంటరిగా వెళ్ళేవారు కదా అనుకుంటాను.

మొన్న పాప పదో తరగతి పరీక్షకు వెళ్తూ పరీక్షా కేంద్రం గేటు దగ్గర ఆగి, భయంగా ఉందమ్మా అంది. భయపడకు అనే మాట నా నోటికి రాదు. నాకూ భయంగానే ఉంది నాన్నా అన్నాను. అది నా ముఖం చూసి చిన్నగా నవ్వింది. హాల్ టికెట్ తీసి మళ్ళీ ఒకసారి చూసుకుని, లోపలికి వెళ్ళింది.