మైకత్త ముగించని ప్రార్థన

మా మేనత్తని అందరూ మైకత్త అనే పిలుస్తారు. ఆవిడకి వేరే పేరొకటి ఉందని మా వీధిలో సగం మందికి తెలియదు. ఈవిడ నోరు విప్పితే ఇంక మైకుతో పనేంటని ఎవరో సరదాకి అన్నారట, అది కాస్తా అతుక్కుపోయింది. ఆవిడేం బాధపడేది కాదు. "దేవుడికి చెవుడు లేదని నాకూ తెలుసు. కానీ నాకు సణగడం చేతకాదు" అని నవ్వేసేది.

అసలు ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. అత్త పనిచేసేది ఒక పెద్దాసుపత్రి లాండ్రీలో. బిల్డింగు అడుగున, కిటికీల్లేని పొడుగాటి గది. నేను కాలేజీ కోసం వాళ్ళింట్లో ఉన్న రోజుల్లో, ఒకసారి అత్త మర్చిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి వెళ్ళి అదిరిపోయా. గది నిండా ఆవిరి. గోడ పొడుగునా మనిషి దూరేంత నోళ్ళున్న వాషింగ్ మెషీన్లు. అవి తిరుగుతుంటే కాళ్ళ కింద నేల వణుకుతుంది. పక్క మనిషికి "ఆ బండి ఇటు తొయ్యి" అని చెప్పాలన్నా అరవాల్సిందే. అక్కడ ఏళ్ళ తరబడి అరిచి అరిచి, ఇంటికొచ్చాక గొంతు కిందికి దించడం మర్చిపోయింది మా అత్త.

ఇంక ప్రార్థన సంగతి చెప్పాలా! పొద్దున్నే స్టవ్ వెలిగించకముందే వంటగదిలో సింకు పక్కన నిలబడి మొదలుపెట్టేది. పై వాటాకి, కింది వాటాకి అదే అలారం. పై వాటా టీచరుగారు మెట్ల మీద ఎదురైతే, "ఇవాళ మా వాడి దగ్గు గురించి కూడా ప్రార్థన చేశావుగా, విన్నానమ్మా, సంతోషం" అనేవారు. ఆవిడ మా చర్చి సంఘం కాదు, అసలు ఏ సంఘమూ కాదు. అయినా తనవాళ్ళ పేర్లు వస్తాయా రావా అని చెవి ఒగ్గి వినేవారు.

సంఘంలో ఎవరికి కష్టమొచ్చినా ముందు అడిగే మాట, "మైకత్త చెవిన వేశావా?" అని. ఉద్యోగం రానివాళ్ళు, ఒంట్లో బాగోనివాళ్ళు, తోడబుట్టినవాళ్ళతో మాటల్లేనివాళ్ళు, అందరూ ఆవిడకి కంఠతా. అందుకే సంఘమంతా కలిసే ప్రార్థన కూడిక ఆఖర్లో ముగింపు ప్రార్థన ఎప్పుడూ అత్తదే. అది ముగింపు అని పేరే గానీ, ఒక పట్టాన ముగిసేది కాదు! అయినా ఎవరూ కదిలేవాళ్ళు కాదు. ప్రార్థించేవాళ్ళు 'ఆమేన్' అనేదాకా కళ్ళు తెరవకూడదనేది మా దగ్గర రాయని చట్టం. పాలు తాగే పిల్లలు తప్ప అందరూ పాటిస్తారు.

మా మావయ్య సరిగ్గా దీనికి వ్యతిరేకం. కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. వచ్చినవాళ్ళు చెప్పింది విని, తలూపి, మిషన్ విప్పుతాడు. మాటలు పొదుపు. కూడికకి ఒక్కసారి కూడా మానకుండా వస్తాడు గానీ, గుమ్మం పక్కన, అందరూ చెప్పులు విడిచే చోట ఉన్న ఆఖరి కుర్చీ ఆయనది. నోరు తెరిచి ప్రార్థన చేసింది నేనెప్పుడూ వినలేదు. అత్తకి అదొక్కటే వెలితి. ఇంట్లో అడిగి అడిగి విసిగిపోయి, ఇంక అందరి ముందే మొదలుపెట్టింది. "ప్రభువా, ఆ చెప్పుల పక్కన కూర్చున్న మనిషి నోరు కూడా ఒక్కసారి తెరిపించు తండ్రీ!"

అందరూ కళ్ళు మూసుకునే ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు.

ఇంటికెళ్ళే దారిలో మావయ్య అనేవాడు, "దేవుడికి నా మీద చాడీలెందుకే?"

"చాడీలు కాదండీ, సిఫార్సు."

అలాంటి అత్త గొంతు బొంగురుపోయింది. జలుబంది, ఆవిరంది, మిరియాలు నమిలింది. చివరికి ఒక మధ్యాహ్నం లాండ్రీలో అరవబోతే గాలి తప్ప ఏం రాలేదు. డాక్టరమ్మ చూసి, స్వరపేటిక మీద బుడిపె ఉందని చెప్పి తీసేసింది. ప్రాణానికేం భయం లేదంది. "కానీ నేను చెప్పేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుసలు అసలే వద్దు. పుండు మానకముందు గొంతు వాడారో, ఇంక ఆ గొంతు మీకు తిరిగి రాకపోవచ్చు" అని గట్టిగా చెప్పింది.

మొదట్లో సరదాగానే ఉండేది. అత్త ఫోన్లో ఒక్క వేలితో టైపు చేసి చూపించేది, మేం చదివేవాళ్ళం. తిట్లు కూడా టైపు చేసేది. అది పూర్తయ్యేలోపు ఎవర్ని తిడుతోందో వాళ్ళు వీధి చివరకి వెళ్ళిపోయేవాళ్ళు. పై వాటా టీచరుగారైతే దిగొచ్చి, "ఏమ్మా, నువ్వు లేపకపోయేసరికి మా ఇల్లంతా లేటైపోతోంది" అని ఒకటే గోల.

కానీ నేనొకటి గమనించా. అత్త పొద్దున్నే లేచి సింకు దగ్గరికి వెళ్ళేది. అక్కడ ఒక్క క్షణం నిలబడేది. తర్వాత చటుక్కున వెనక్కి తిరిగి స్టవ్ వెలిగించేసేది. ప్రార్థన లేదు.

"మనసులో చేసుకోవచ్చుగా అత్తా?" అని అడిగా.

ఆవిడ ఫోన్ తీసుకుంది. చాలాసేపు టైపు చేసింది. "చేసి చూశానే. రెండు మాటలు అనుకునేలోపు గ్యాస్ అయిపోయిందా, పాలు విరిగాయా అని మనసు పారిపోతోంది. గొంతుంటే దాన్ని పట్టుకుని నడిచేదాన్ని. ఇన్నాళ్ళూ నేను మాట్లాడింది ఆయనతోనా, లేక నా గొంతు నేనే విన్నానా?"

గొంతు పోతుందేమోనని అత్త భయపడుతోందని మేమంతా అనుకుంటున్నాం. ఆవిడ భయం అది కాదు. తనకి దేవుడు అసలు తెలుసా అని.

కాస్త కోలుకున్నాక పనికి వెళ్ళింది. అరవాల్సిన పనులు వేరేవాళ్ళకి ఇచ్చి, అత్తని మడతల బల్ల దగ్గర వేశారు. అక్కడ ఆవిడ జోడీ ఒకావిడ, అందరూ 'గడియారం' అంటారు, ఇంటికెళ్ళే టైమెంతయిందా అని అస్తమానం గోడ వైపు చూస్తుందని. ఆసుపత్రి దుప్పట్లు పొడుగు, ఒక్కరి వల్ల కాదు. చెరో రెండు కొసలూ పట్టుకుని లాగాలి, దులపాలి, మడిచి ఒకరి దగ్గరికి ఒకరు నడిచి రావాలి. ఇదంతా ఇదివరకు అత్త కేకల మీద నడిచేది. "పట్టు! లాగు! ఇంక రా!"

ఇప్పుడు కేకల్లేవు. మొదటి రోజు మడతలన్నీ అష్టవంకర్లు. గడియారం ఊరుకుంటుందా! "అక్కా, నీ నోరు మూతపడ్డాక తెలిసింది, ఇక్కడ మెషీన్లు కూడా చప్పుడు చేస్తాయని" అందట. అత్త దుప్పటి కొస విసిరి ఆవిడ మొహాన కొట్టిందట. కానీ పని జరగాలిగా. మెల్లగా చేతులకి భాష వచ్చింది. చిన్నగా గుంజితే 'దులుపు' అని, వదులు చేస్తే 'ఇంక రా' అని. కొన్నాళ్ళకి గడియారం గోడ వైపు చూస్తూనే మడత పెట్టేస్తోంది, అత్త వైపు తిరగనక్కర్లేకుండా.

ఒక సాయంత్రం నేను మేడ మీద చదువుకుంటుంటే అత్త వచ్చింది. తీగ మీద ఆరేసిన దుప్పటి తీసి, రెండు కొసలు నా చేతికిచ్చింది. తను అవతలి కొసలు పట్టుకుని అంత దూరం వెళ్ళింది. కళ్ళు మూసుకోమని సైగ చేసింది. మూసుకున్నా. నా చేతుల్లో దుప్పటి బిగిసింది. కాసేపు అలాగే ఉంది.

కళ్ళు తెరిచాక దగ్గరికొచ్చి టైపు చేసింది. "నేను అక్కడ ఉన్నానని నీకెలా తెలిసింది?"

"బిగువుగా ఉందిగా అత్తా. ఎవరూ పట్టుకోకపోతే వేలాడిపోదూ?"

అత్త మొహం వెలిగిపోయింది. వేలు పైకి చూపించింది. తర్వాత తన గుండె మీద చెయ్యి వేసుకుని, ఆ దుప్పటి కొసని ఊరికే అలా బిగించి చూపించింది. ఆ పూట ఇంక టైపు చెయ్యలేదు.

అప్పట్నించి దుప్పటి దుప్పటికీ ఒక ప్రార్థనట. దాని మీద ఎవరు పడుకోబోతున్నారో తెలియదు, రోగమేంటో తెలియదు. పేర్లు కంఠతా పట్టడానికి లేదు, వర్ణించి చెప్పడానికి లేదు. పట్టుకోవడం, నిలబడటం, అంతే. పొద్దున్న సింకు దగ్గర కూడా ఎక్కువసేపు ఉండటం మొదలుపెట్టింది. "కుదురుతోందా అత్తా?" అంటే చెయ్యి అటూ ఇటూ ఊపేది, కొంచెం కొంచెం అని. "ఒక్కదాన్నే ఉంటే పర్లేదు. నలుగురి మధ్యన ఉంటే సిగ్గేస్తోంది, ఖాళీ డబ్బాలా" అని ఒకసారి టైపు చేసింది.

ఇలా ఉండగా కూడిక రోజు వచ్చింది. గది నిండిపోయింది. పాటలయ్యాయి, వాక్యం అయింది. పాస్టర్‌గారికి ఆ రోజు గొంతులో హుషారు ఎక్కువగా ఉంది. ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? గడగడా అనేశారు, "ఇప్పుడు మన అక్కగారు ముగింపు ప్రార్థన చేస్తారు, అందరం తలలు వంచుదాం."

తలలన్నీ వంగిపోయాయి. కళ్ళన్నీ మూతపడ్డాయి. పాస్టర్‌గారివి కూడా.

అత్తకీ అలవాటేగా, పిలుపు వినగానే లేచి నిలబడింది. నిలబడ్డాక గుర్తొచ్చింది. చెయ్యి ఊపింది, 'వద్దు, నా వల్ల కాదు' అని. చూసేదెవరు? నేను తప్ప ఎవరూ కళ్ళు తెరిచి లేరు. చట్టం తప్పానని నాకేం సిగ్గు లేదు, ఆ దృశ్యం చూసినందుకు.

ఫ్యాను తిరుగుతోంది. ఎక్కడో కుర్చీ కిర్రుమంది. పాస్టర్‌గారికి తప్పు తెలిసిపోయింది, చెవులు ఎర్రబడ్డాయి. కానీ 'ఆమేన్' పడలేదు, కళ్ళెలా తెరుస్తారు? ఎవరి ప్రార్థన మధ్యలోనో ఎలా దూరతారు? నలుగురూ అదే ఇరకాటంలో ఉన్నారు, ఒకరికొకరు తెలియకుండా.

అత్త పెదాలు విడివడ్డాయి. ఒక్క గుసగుస చాలు, అందరూ బయటపడతారు, గొంతు మాత్రం పోతుంది. అత్త మెడ మీద నరం కదలడం చూశా.

తర్వాత పెదాలు మూతపడ్డాయి. కళ్ళు మూసుకుంది. రెండు చేతులూ ముందుకొచ్చాయి, వేళ్ళు ముడుచుకున్నాయి, కొసలు పట్టుకున్నట్టు. మోచేతులు మెల్లగా బిగిశాయి. ఆ ఖాళీ గాలిలో అవతల ఎవరో పట్టుకోకపోతే ఆ చేతులు అలా నిలవవు. ఒట్టు.

ఎంతసేపో తెలియదు. ఇందాకటి ఇబ్బంది ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. పక్కన ఒక ముసలాయన పెదాలు కదులుతున్నాయి. ముందు వరసలో ఒకావిడ ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. మా కష్టాలన్నీ అత్త నోటికి అప్పజెప్పేసి కూర్చునే మేము, ఆ రోజు ఎవరి మాట వాళ్ళే చెప్పుకున్నాం.

అప్పుడు గుమ్మం దగ్గర్నించి దగ్గు వినబడింది. చెప్పుల పక్క కుర్చీ.

"ప్రభువా..." అన్నాడు మావయ్య. మిషన్లో చిక్కుకున్న దారం లాగుతున్నట్టు ఒక్కో మాటా వస్తోంది. "నాకిది చేతకాదు. మా ఆవిడ ఏదో అడుగుతోంది. అదేంటో... అది ఇచ్చెయ్యి. ఆమేన్."

అందరం 'ఆమేన్' అన్నాం. గోడలు అదిరాయి. అత్త మాత్రం వెనక్కి తిరిగి, చెప్పుల వైపు చూస్తూ నిలబడిపోయింది, చేతులు ఇంకా అలాగే ముందుకి పట్టుకుని.

డాక్టరమ్మ సరేనన్నాక గొంతు వచ్చింది. పాత గొంతు కాదు, కాస్త గరుకుగా, సగం ఎత్తులో ఉంది. పై వాటా దాకా వెళ్ళదు. అందుకని టీచరుగారే పొద్దున్నే కిందికొచ్చి వంటగది గుమ్మంలో నిలబడుతున్నారు. ముగింపు ప్రార్థన ఇప్పుడు చిన్నది. మధ్యలో అత్త ఆగిపోతుంది, ఆవిడతో పాటు అందరూ ఆగుతారు, ఎవరికీ తొందర లేదు.

మొన్న మేడ మీద బట్టలు తీస్తుంటే అడిగా, "ఆ రోజు ఏం అడిగావత్తా? గొంతు రావాలనేనా?"

"ఏమీ అడగలేదే" అంది ఆ గరుకు గొంతుతో. "అడగాలని తోచలేదు. ఊరికే పట్టుకుని నిలబడ్డా."

అవతలి కొస పట్టుకున్న మావయ్య ఆగిపోయాడు. "అంటే నా ప్రార్థన దండగేనా?"

"మీ నోరు తెరిపించమని నేనెన్నేళ్ళు అడిగానో ఆయన్నడగండి, దండగో కాదో చెబుతాడు. ముందు ఆ కొస సరిగ్గా పట్టుకోండి, నేల మీద పడుతోంది."