నవ్య అడిగిన ప్రశ్న

మా అమ్మాయి నవ్యకు తొమ్మిదేళ్లు నిండాయి. తన పేరు నవ్య అని తనకు తెలియదు. పుట్టుకతోనే వినపడదు. పలక మీద ఆ రెండక్షరాలూ చక్కగా దించుతుంది కానీ, అవి తన గురించేనని మేమెవరమూ చెప్పలేకపోయాం. నేను హిందూపురం దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. పదిహేనేళ్లుగా ఊరి పిల్లలకు చదువు చెబుతున్నాను.

వేసవిలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల గురించి మాకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. "మీలో ఎవరింట్లోనైనా వినపడని బిడ్డ ఉందా?" అని శిక్షకురాలు అడిగినప్పుడు నేను చెయ్యి ఎత్తలేదు. భోజనాల వేళ ఆ శిక్షకురాలిని పక్కకు పిలిచి చెప్పాను. ఆమె బెంగళూరులో, బ్రూక్‌ఫీల్డ్‌లోని ఒక థెరపీ సెంటర్ చిరునామా రాసిచ్చింది. మా ఆయనకు ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. ఒక శుక్రవారం నవ్యను తీసుకుని నేనే బయల్దేరాను.

పొద్దున ఆరు దాటాక రైలు. కిటికీ పక్క సీటు దొరికింది. సంచిలో వినికిడి పరీక్షల కాగితాలు, వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్, రెండు పూటలకు పులిహోర పెట్టుకున్నాను. గౌరీబిదనూరులో పూలబుట్టతో ఒకావిడ ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. నవ్యను ఏదో అడిగింది, జవాబు రాకపోయేసరికి నా వైపు చూసింది.

"వినపడదమ్మా," అన్నాను.

"అయ్యో, బంగారట్లా ఉండాదే బిడ్డ!" అని ఆవిడ మూర కనకాంబరాలు తెంపి నవ్య జడలో పెట్టింది. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. "బిడ్డకు పెడితే దుడ్డు తీసుకుంటారా యాడన్నా?" అని మందలించింది.

ఎనిమిదిన్నరకు బెంగళూరులో దిగాం. స్టేషన్ బయట తట్టె ఇడ్లీ తిని, మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కాం. వైట్‌ఫీల్డ్ వైపు వెళ్లే రైలు అది. ఆ వేళకు ఆఫీసులకు వెళ్లేవాళ్లతో కాలు పెట్టడానికి చోటుండదు. పిల్లలతో వెళ్లేవాళ్లు వీలైతే పదకొండు దాటాక ఎక్కడం మంచిది. గంట సేపు నిలబడే ఉన్నాం. కుందలహళ్లిలో దిగి ఆటోలో బ్రూక్‌ఫీల్డ్ చేరేసరికి పదిన్నర.

సెంటర్లో మమ్మల్ని చూసిన థెరపిస్టు గుంటూరు అమ్మాయి. పాతికేళ్లుంటాయేమో. నవ్యతో ముప్పావుగంట ఆటలాడించింది, బొమ్మలు చూపించింది. తర్వాత కాగితాలన్నీ తిరగేసింది.

"మ్యామ్, పాప చాలా బ్రైట్. కానీ తనకి ఇప్పటిదాకా ఒక్క లాంగ్వేజ్ కూడా లేదు. స్పీచ్ గురించి తర్వాత ఆలోచిద్దాం. ముందు సైన్ లాంగ్వేజ్ స్టార్ట్ చేయండి."

"సైగలు చేయనిస్తే మాట రాదన్నారు కదమ్మా. మా ఊళ్లో చెవి మిషన్ పెట్టినాయన అదే చెప్పాడు. చేతులు కదిపితే పట్టుకోమన్నాడు."

"మీరు పట్టుకున్నారా?"

"ఐదేళ్లుగా."

"మీ తప్పు కాదు మ్యామ్, చాలామంది పేరెంట్స్‌కి అలాగే చెప్తున్నారు," అంది ఆ అమ్మాయి. తమ సెంటర్లో ఆ సైగలు నేర్పేవాళ్లు లేరంటూ నగర్తపేటలో ఒక చిన్న బడి చిరునామా ఇచ్చి, తానే ఫోన్ చేసి మేం వస్తున్నట్టు చెప్పింది.

మళ్లీ మెట్రో. మెజెస్టిక్‌లో మారి చిక్కపేటలో దిగాం. అక్కడి నుంచి నగర్తపేటకు నడిచే వెళ్లొచ్చు. కానీ సందులన్నీ టోకు దుకాణాలు, మూటల బళ్లు. వెనక నుంచి హారన్ కొట్టినా నవ్యకు తెలియదు కనుక నా చేతిని వదలనివ్వలేదు. ఒకటిన్నరకు బడి దొరికింది. ఇత్తడి సామాన్ల కొట్టు పక్కన ఇరుకు మెట్లు ఎక్కితే పైన రెండు గదులు. అంతే బడి.

పదిహేనుమంది పిల్లలు చిత్రాన్నం తింటున్నారు. అన్నం ముద్ద ఒక చేత్తో, మాటలు ఇంకో చేత్తో. ఎవరో ఏదో చెప్పారు, అందరూ పడిపడి నవ్వారు. నవ్య గుమ్మంలో నిలబడిపోయింది. ఒక్కొక్కరి చేతినీ మార్చి మార్చి చూసింది. అంతమంది చేతులు కదుపుతున్నా ఎవరూ వచ్చి పట్టుకోవడం లేదు.

బడి నడిపే సరోజమ్మ నగర్తపేటలోనే పుట్టి పెరిగిన తెలుగావిడ. పాఠం చెప్పే మాస్టారు ఆమె తమ్ముడు. ఆయనకూ పుట్టుకతోనే వినపడదు. ఆయన సైగల్ని ఆమె నాకు తెలుగులో చెబుతూ వచ్చింది. మాస్టారు నవ్య ఎదుట నేల మీద కూర్చున్నారు. నవ్య గడ్డం మీద పుట్టుమచ్చ ఉంది. ఆయన తన గడ్డాన్ని వేలితో రెండుసార్లు తాకి, నవ్యను చూపించారు. పిల్లలంతా అలాగే చేశారు.

"ఇంక మీ పాప పేరు ఇదేనమ్మా. ఇట్లంటే పలుకుతుంది చూడండి," అంది సరోజమ్మ.

నవ్య తన గడ్డం తాకి, తన గుండె మీద చెయ్యి వేసుకుంది. నేను గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఆ తర్వాత గంటసేపు వాళ్లిద్దరూ కూర్చున్నారు. ఆయన బొమ్మలు గీస్తారు, నవ్య చేతులు తిప్పుతుంది. ఉన్నట్టుండి నవ్య అరచేతి మీద చెంప ఆనించి, వాకిలి వైపు చూపించి, రెండు చేతులూ విప్పింది. మళ్లీ మళ్లీ అదే చేసింది. మాస్టారు ఒక మంచం గీసి, దాని మీద ముందు పిల్లను, తర్వాత మగమనిషిని, చివరికి ముసలామెను గీసి చూపించారు. నవ్య గట్టిగా తలూపింది.

సరోజమ్మ నన్ను అడిగింది: "మీ ఇంట్లో పెద్దామె ఎవరైనా ఉండారా అమ్మా?"

"మా అత్తగారు. పోయి రెండేళ్లయింది. నవ్యను ఆమే పెంచింది."

"ఆ పొద్దు పాప యాడుండింది?"

"పక్కింటికి పంపించేశాం. అక్కడి నుంచి మా వాకిలి కనిపిస్తుంది."

సరోజమ్మ తమ్ముడి వైపు చూసి, మెల్లగా అంది: "పాప అడుగుతా ఉండేది అదేనమ్మా. నిద్రపోయిన అవ్వను వాకిట్లోంచి యాడికో తీసుకుపోయినారు, ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడొస్తుంది అని."

రెండేళ్లుగా సాయంత్రమయ్యేసరికి నవ్య నా కొంగు పట్టుకుని చెంప కింద అరచెయ్యి పెట్టి చూపించేది. నిద్ర వస్తోందని చెబుతోందనుకున్నాను. చేతులు దింపి, పక్క వేసి, పడుకోబెట్టేదాన్ని. ప్రతిరోజూ.

"చెప్పమంటారా అమ్మా? మీరే చెప్తారా?"

"నాకు చెప్పడం రాదు," అన్నాను.

మాస్టారు తొందరపడలేదు. నవ్య చేతిని తన ముక్కు దగ్గర పెట్టి ఊపిరి చూపించారు. గుండె మీద పెట్టి కొట్టుకోవడం చూపించారు. బొమ్మలో ముసలామెను చూపించి, ఊపిరి ఆగింది, గుండె ఆగింది, కళ్లు ఇక తెరవదు అన్నారు. గోడ మీద ఆ అక్కాతమ్ముళ్ల తల్లి ఫోటో ఉంది, దానికి దండ వేసి ఉంది. ఆయన ఫోటోను చూపించి, తన కళ్లు మూసి, ఈమె కూడా ఇక లేవదని అదే సైగ చేశారు. మా ఇంట్లోనూ అత్తగారి ఫోటోకు దండ ఉంది. నవ్య చాలాసేపు ఆ ఫోటోనే చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. నిజమేనా అని అడుగుతోంది.

నేను తలూపాను. పుట్టినప్పటి నుంచి నేను చెప్పిన ఒక మాట నా బిడ్డకు పూర్తిగా అర్థమైంది అప్పుడే.

నాలుగు గంటలకు లేచాం. ఆ బడికి హాస్టల్ లేదు. రోజూ హిందూపురం నుంచి రావడం కుదరదు. శనివారాలు రమ్మన్నారు, పాపతో పాటు నన్నూ కూర్చుని నేర్చుకోమన్నారు. "చిన్నప్పుడే వచ్చింటే బాగుండు. పోయిన ఏండ్లు తిరిగి రావు, అబద్ధం చెప్పను. అయినా వదలొద్దు," అంది సరోజమ్మ మెట్ల దాకా వచ్చి. మీలో ఎవరి బిడ్డకైనా ఇదే కష్టం ఉంటే, మిషన్ పెట్టించండి, మాటలూ నేర్పించండి, కానీ చేతులు మాత్రం పట్టుకోకండి. ఈ ప్రయాణం గురించి రాయాలనుకున్నది ఆ ఒక్క మాట కోసమే.

అయిదున్నర రైలులో జనం తక్కువ. యలహంక దాటేదాకా నవ్య కదలకుండా కూర్చుంది. తర్వాత నా ఒళ్లో ముఖం దాచుకుని ఏడవడం మొదలుపెట్టింది. తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియదు, పెట్టెలో అందరూ తిరిగి చూశారు. నేను ఆపలేదు. పక్క సీటులోని పెద్దాయన ముందుకు వంగి అడిగాడు.

"ఏమైందమ్మా బిడ్డకు?"

"వాళ్ల అవ్వ చనిపోయింది."

"అయ్యో పాపం. ఎప్పుడు?"

రెండేళ్లని చెప్పబోయి ఆగాను.

"ఈ రోజు," అన్నాను.