పదిహేడో నంబరు కాగితం

పోయిన నెల తిరుపతిలో తెలుగు ఉపాధ్యాయుల శిక్షణ తరగతులకు నన్ను ఒక రోజు పిలిచారు. ఉద్యోగ విరమణ చేసి నాలుగేళ్ళయినా ఇలాంటి పిలుపులు అప్పుడప్పుడు వస్తుంటాయి. ముందు వరుసలో కూర్చోబెట్టి, ఒక శాలువా కప్పి, మధ్యాహ్నం భోజనం పెట్టి పంపిస్తారు. ఆ రోజు ఒక యువకుడు తెర మీద పెద్ద పట్టిక చూపిస్తూ, పాఠంలోని కథను పిల్లలు నాటికగానో పాటగానో బొమ్మలుగానో మార్చి రాసి, తమ పనికి తామూ, తోటివాళ్ళ పనికి ఒకరికొకరూ మార్కులు వేసుకునే పద్ధతి గురించి చెప్పాడు. నా పక్కన కూర్చున్న చిన్న వయసు టీచరు నా వైపు వంగి, "మేడమ్, పిల్లోళ్ళు నిజంగా నిజం రాస్తారా? స్నేహితులకు ఇరవై, పడనోళ్ళకు రెండు ఏసి పెట్టరా?" అని మెల్లగా అడిగింది. "రాస్తారమ్మా. రాస్తే మనం తట్టుకోవాల" అన్నాను. ఆమె అర్థం కానట్టు చూసింది. టీ తాగేలోపు చెప్పేంత చిన్న సంగతి కాదు గనుక నేనూ ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక మాత్రం ఊరుకోలేకపోయాను.

ఇది జరిగి ఎనిమిదేళ్ళయి ఉంటుంది. అప్పుడు మేము కార్వేటినగరంలో ఉండేవాళ్ళం. నేను పుత్తూరు ఊరి చివర ఉన్న ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్పేదాన్ని. రోజూ పొద్దున బస్సులో ప్రయాణం. ఆ బస్సు గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి వాళ్ళో పుత్తూరు వస్తారు కాబట్టి, మా బస్సులో ఎప్పుడు చూసినా నలుగురైదుగురు చేతులకో కాళ్ళకో వెదురు బద్దల కట్లతో కూర్చుని ఉండేవారు. పసరు వాసన, కోడిగుడ్డు సొన వాసన బస్సంతా నిండిపోయేది. కండక్టరు ఎక్కగానే, "కట్లుండే వాళ్ళు కిటికీ పక్కకు జరగండప్పా, మంచి చేతులుండే వాళ్ళు పట్టుకోని నిలబడండి" అనేవాడు. ఎవరు ఎలా పడ్డారో ఒకరికొకరు చెప్పుకుంటుంటే వింటూ కూర్చునేదాన్ని. ఒకే మనిషి తన పడిపోవడాన్ని ఎక్కేటప్పుడు ఒక రకంగా, దిగేటప్పుడు ఇంకో రకంగా చెప్పడం విన్నాను. ఒక కథను ఎన్ని విధాలుగా చెప్పవచ్చో పిల్లల చేత రాయించాలన్న ఆలోచన నాకు బహుశా ఆ బస్సులోనే పుట్టి ఉంటుంది.

ఆ ఏడు తొమ్మిదో తరగతి వాచకంలో నాలుగు పేజీల కథ ఒకటి ఉండేది. ఒక అవ్వ మామిడితోటకు కాపలా ఉంటుంది. కాపు మొదలైనప్పటి నుంచి ఆఖరి బండి కదిలేదాకా ఒక్క కాయ కూడా నోట పెట్టదు. చివరి రోజు ఒక గంప తక్కువైందని తోట గుత్తకు తీసుకున్నవాడు ఆమెను దొంగ అంటాడు. కాసేపటికి గంప బండిలోనే దొరుకుతుంది. అతను సిగ్గుపడి ఆ గంపను ఆమెకే ఇవ్వబోతాడు. ఆమె తీసుకోకుండా కూర్చున్నచోటి నుంచి లేచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. అంతే కథ. మా వైపు పిల్లలకు దాన్ని విడమరచి చెప్పవలసిన పని లేదు. ఎండాకాలం వస్తే సగం మంది తోటల్లోనే ఉంటారు. ఈ కథను మీకు నచ్చినట్టు మార్చి రాసుకు రండి అని పది రోజులు గడువిచ్చాను. ఆ తరువాత మార్కులు కూడా, తోటివాళ్ళ రాతలకే కాదు మీ రాతకూ, మీరే వేయాలని చెప్పాను. రాసినవాళ్ళ పేర్లు ఉండవు, నంబర్లే ఉంటాయి. వేసినవాళ్ళు మాత్రం కింద పేరు రాయాలి, ఎందుకు వేశారో కారణం రాయాలి. మా హెడ్మాస్టరు గారు ఇది విని, "పిల్లోళ్ళే మార్కులేసుకుంటే మనం యాడికి పోవాలమ్మా" అన్నారు. ఆయన మంచివారు. ఏ కొత్త పనికైనా ముందు ఒకసారి వద్దని, ఆ తరువాత కుర్చీలు తానే మోసేవారు.

పది రోజులకు ఇరవై ఆరు కాగితాలు వచ్చాయి. ఒకడు కథంతా పోలీసు స్టేషనులో ఇచ్చిన ఫిర్యాదులాగా రాశాడు. అందులో అవ్వ వయసు, ఎత్తు, చీర రంగు కూడా ఉన్నాయి. ఇద్దరు అక్కచెల్లెళ్ళు కలిసి కోత పాట వరసలో పాట కట్టారు. ఇంకొకడి నాటికలో అన్నిటికన్నా పెద్ద పాత్ర తోట కుక్కది. నేను చేసిన చిలిపి పని ఏమిటంటే, నేనూ ఒకటి రాశాను. 'అవ్వ మౌనం' అని అరవై పంక్తుల పద్యంలాంటి వచనం. అప్పటికి నావి రెండు మూడు పత్రికల్లో అచ్చయి ఉన్నాయి, కవి సమ్మేళనాల్లో చప్పట్లు కొట్టించుకున్నదాన్ని. ఆ పొగరు నాకు బాగానే ఉండేది. నా కవితను ఒక తెలిసినాయన చేత వేరే చేతిరాతలో రాయించి, పదిహేడో నంబరు వేసి మధ్యలో పెట్టేశాను. పిల్లలు చదివి అబ్బురపడితే, ఆఖరున పేరు చెప్పి మురిసిపోవాలని నా ఆశ.

పిల్లలు ఒకరివొకరు చదివి మార్కులు వేసి ఇచ్చిన కాగితాలన్నీ ఇంటికి తెచ్చుకుని, సాయంత్రం వసారాలో కూర్చుని చదివాను. మొదటి పది నవ్వు తెప్పించాయి. తమ పనికి తాము ఇరవైకి ఇరవై వేసుకున్నవాళ్ళు తొమ్మిది మంది. కారణం అన్నచోట "కష్టపడినాను కాబట్టి" అని ఉంది. పదిహేడో నంబరుకు మొదటి ముగ్గురు వేసిన మార్కులు ఇరవై, పద్దెనిమిది, పందొమ్మిది. "పెద్దోళ్ళు రాసినట్టు ఉండాది" అని ఒకరు, "సగం అర్థం కాలేదు కాబట్టి చానా గొప్పది" అని ఇంకొకరు. నేను లోలోపల సంబరపడుతూ నాలుగో కాగితం తీశాను. ఎనిమిది అని ఉంది. కింద ఇలా రాసి ఉంది: "మాటలు బాగుండాయి. అవ్వ మాత్రం యాడా కనపడలేదు. రాసినోళ్ళు అవ్వను చూసి రాయలేదు. అద్దంలో చూసుకుంటా రాసినారు." కింద పేరు, పుత్తూరులో బట్టలు కుట్టే దర్జీ గారి అమ్మాయిది.

ఆ అమ్మాయి మూడో వరుసలో గోడ పక్కన కూర్చునేది. వాళ్ళు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. తరగతిలో తెలుగు మాట్లాడేటప్పుడు ప్రతి మాటా ఒకసారి మనసులో అనుకుని పైకి అంటున్నట్టు ఉండేది. నేను ఆ పిల్లను పెద్దగా పట్టించుకున్నదాన్ని కాదు. ఆ రోజు మాత్రం ఒళ్ళు మండింది. మా ఇంటాయనకు చదివి వినిపించాను. ఆయన పేపరు వెనక నుంచే, "ఎవరా బిడ్డ? నేను పాతికేళ్ళుగా చెప్పలేకపోయిన మాట" అన్నారు. నేను కాగితం తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

కోపం తగ్గాక, ఆ పిల్ల తన పనికి తాను ఎంత వేసుకుందో చూద్దామని వెతికాను. ఆమె రాసినది అవ్వ తోట నుంచి ఇంటికి నడిచి వెళ్ళే దారి. అంతకుమించి ఏమీ లేదు. మొదట చెప్పులు చేతిలో పట్టుకుంటుంది. దారిలో ఎవరిదో చెట్టు కింద రాలిన కాయ ఒకటి తీసి వాసన చూస్తుంది. తన చేతులకే ఆ వాసన ఉందని గుర్తుకొచ్చి కాయను అక్కడే పెట్టేస్తుంది. ఇంటికి పోయి చేతులు కడుక్కుని, గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంది. చదువుతుంటే నా చేయి నా ప్రమేయం లేకుండానే ముక్కు దగ్గరికి వెళ్ళింది. తోటి పిల్లలందరూ పద్దెనిమిదికి తగ్గకుండా వేశారు. తాను మాత్రం పది వేసుకుంది. కారణం: "చివర్లో అవ్వ ఏడ్చినట్టు రాసినాను. అది తప్పు. ఏడుపు వచ్చింది నాకు, అవ్వకు కాదు. నా ఏడుపు తీసి ఆమెకు పెట్టేసినాను."

ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని. ఆ నాలుగు వాక్యాలు మళ్ళీ మళ్ళీ చదివాను. నా కవితలో ఏం తప్పు ఉందని ఆమె అన్నదో, అదే తప్పు తన రాతలో ఇంత చిన్నగా ఉన్నా పట్టుకుంది. పట్టుకుని మార్కులు తగ్గించుకుంది. పద్నాలుగేళ్ళ పిల్ల.

మరుసటి రోజు తరగతిలో ఒక్కొక్క నంబరు చదివి, ఎవరిదో చెబుతూ వచ్చాను. పదిహేడు దగ్గరికి వచ్చేసరికి ఎవరిదో చెప్పకుండా కాగితాలు సర్దుకుంటూ నిలబడ్డాను. వెనక నుంచి ఒకడు లేచి, "అది ఏదో పుస్తకంలో చూసి రాసినారు టీచర్" అన్నాడు. ఏ పాత విద్యార్థిదో అని చెప్పి తప్పించుకోవచ్చునన్న ఆలోచన వచ్చిన మాట నిజం. "అది నాది" అన్నాను. దర్జీ గారి అమ్మాయి లేచి నిలబడింది. ముఖంలో నెత్తురు లేదు. "తెలీక రాసినాను టీచర్" అంది. "తెలిసే రాసినావు, కూర్చో" అన్నాను. నేను మెచ్చుకోలుగా అన్నాను. నా గొంతులో మెచ్చుకోలు ఎంత ఉందో, ముందురోజు కోపం ఎంత మిగిలి ఉందో నాకు తెలియదు. ఆ పిల్లకు రెండోదే వినిపించినట్టుంది. మరుసటి రోజు బడికి రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. మూడో రోజు నాకు భయం వేసింది. మా బడిలో ఆడపిల్ల ఒకసారి మానేసిందంటే తిరిగి రావడం అంత సులువు కాదు.

సాయంత్రం బడి విడిచాక వాళ్ళ అంగడికి వెళ్ళాను. కట్లు కట్టే వీధిలోనే ఉండేది. చేతికి కట్టు ఉన్నవాళ్ళు చొక్కా తొడుక్కోలేరు గనుక, వాళ్ళ నాన్న చొక్కా చేతిని పొడుగునా విప్పి నాడాలు కుట్టి ఇచ్చేవాడు. దూర ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళు కట్టు వేయించుకుని నేరుగా ఆయన దగ్గరికే వచ్చేవారు. నన్ను చూడగానే మిషను ఆపి లేచి నిలబడ్డాడు. "మా బిడ్డ పెద్ద తప్పు చేసిందంట గదా మేడమ్. ఇంట్లో ఒకటే ఏడుపు. తప్పు నాదే. గుడ్డను పైన సూసి మోసపోవద్దు, తిరగేసి లోపల కుట్టు సూడాల అని నేనే దానికి సిన్నప్పటి నుంచి సెప్పినాను. అది మీ రాతను కూడా తిరగేసి సూసింది" అన్నాడు.

నేను సంచిలో నుంచి కాగితం తీసి, ఆ అమ్మాయి నా గురించి రాసింది మొత్తం ఆయనకు చదివి వినిపించాను. ఆయన తల వంచుకుని విన్నాడు. తరువాత మెల్లగా, "అది రాసింది నిజమేనా మేడమ్?" అని అడిగాడు.

"నిజమే."

"అయితే అది దేనికి ఏడస్తా ఉండాది?" అని, లోపలికి తిరిగి కూతుర్ని పిలిచాడు.

ఆ పిల్ల తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఆ మూడు రోజుల్లో నేను కవిత పక్కన పెట్టి, అవ్వ కథను మళ్ళీ రెండు పేజీల్లో మామూలు మాటల్లో రాశాను. దాన్నే ఆమె చేతికిచ్చి, "దీనికెంత వేస్తావో వెయ్యమ్మా. కారణం రాయాల" అన్నాను. ఆమె నా ముఖం చూసింది, వాళ్ళ నాన్న ముఖం చూసింది. స్టూలు మీద కూర్చుని పెదవులు కదుపుతూ చదివింది. ఒకచోట ఆగి వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. పరీక్ష హాల్లో పిల్లలు చేతులు ఎందుకు తుడుచుకుంటారో అప్పుడు తెలిసింది, నేను చీర చెంగుకు అరచేతులు తుడుచుకుంటున్నాను. వాళ్ళ నాన్న చెవి మీది పెన్సిలు తీసుకుని పదకొండు అని వేసింది. "అవ్వ తలుపు దాకా వచ్చింది. ఇంకా లోపలికి రాలేదు" అని రాసింది.

ఆయన కంగారుపడి, "టీచరమ్మకు ఇంకో రెండు ఏస్తే ఏం పోతాది?" అన్నాడు.

"పోతాది అబ్బా" అంది ఆ పిల్ల వాళ్ళ నాన్న వైపు తిరిగి. ఆ మాట మాత్రం మనసులో అనుకుని పైకి అన్నట్టు లేదు. సూటిగా వచ్చింది.

మరుసటి రోజు బడికి వచ్చింది. హెడ్మాస్టరు గారు ఆమె తనకు తాను రాసుకున్న కారణం చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. రిజిస్టరులో పద్దెనిమిది ఎక్కిస్తూ, "పదే ఎయ్యాలని కొట్లాడతాది. ఆ బిడ్డకు సెప్పొద్దండమ్మా" అన్నారు. ఆ తరువాత నుంచి ప్రతి పాఠానికీ పిల్లలే మార్కులు వేశారు. 'కష్టపడినాను కాబట్టి' అన్న కారణం క్రమంగా తగ్గిపోయింది. వాళ్ళ తీర్పులు చదవడానికి నేను సాయంత్రాల కోసం ఎదురుచూసేదాన్ని. ఆ అమ్మాయి పదో తరగతి ముగించేలోపు నా అవ్వ కథను ఇంకో రెండుసార్లు తిరగరాసి ఇచ్చాను. పన్నెండు వచ్చింది, ఆ తరువాత పద్నాలుగు వచ్చింది. పద్నాలుగు కింద, "మామిడి వాసన వస్తా ఉండాది. అవ్వ మోకాళ్ళ నొప్పి మాత్రం రాలేదు" అని ఉంది. తరువాత ఆమె చదువుకోవడానికి చిత్తూరు వెళ్ళిపోయింది. మేమూ ఊరు మారాం.

ఆ మోకాళ్ళ సంగతి నాకు చాలాకాలం అర్థం కాలేదు. కథలో ఎక్కడా అవ్వకు మోకాళ్ళ నొప్పి అని లేదు. మొన్న చంద్రగిరి కోట చూడటానికి చుట్టాలతో వెళ్ళి, మెట్ల మధ్యలో కూర్చుండిపోయాను. లేవడానికి ఒక చేయి నేల మీద, ఒక చేయి మోకాలి మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, ముందు నడుము ఎత్తి ఆ తరువాత తల ఎత్తాను. గంప వద్దని అవ్వ తోటలో నుంచి లేచింది ఇలాగేనని అప్పుడు తెలిసింది. అంత కష్టపడి లేచిన మనిషి గనుకనే ఇక వెనక్కి తిరిగి చూడలేదు. అది తెలియడానికి నాకు అరవై నాలుగేళ్ళు పట్టింది. పదిహేనేళ్ళకే ఆ పిల్ల దగ్గరికి అది ఏ దారిన వచ్చిందో, ఇన్నేళ్ళు గడిచినా నాకు తెలియదు.