కొమ్మ మీద కుదిరిన ఫోకస్

నవంబరు తొమ్మిది, ఆదివారం, ఉదయం ఆరు గంటల పన్నెండు నిమిషాలు. కాలువ గట్టున మడత కుర్చీలో కూర్చున్న కళ్లద్దాల మాస్టారు కెమెరా మీటను సగం నొక్కి చెవి రిక్కించాడు. నీటి మీదికి వంగిన ఎండు కొమ్మ మీద లకుముకి పిట్ట వాలిందని కూతను బట్టి, నీలి మరకను బట్టి ఆయనకు తెలుసు. కెమెరా సన్నగా కిచ్‌మంది. ఫోకస్ కుదిరిందని దానర్థం. ఆయన మీట పూర్తిగా నొక్కాడు.

ఆ కిచ్‌మనే చప్పుడు మీద ఆధారపడడం ఆయనకు వేసవి నుంచే అలవాటయింది.

పదవీ విరమణ వరకు ఆయన కంటి ఆసుపత్రి పరీక్షగదిలో పనిచేశాడు. మనిషిని ఆరు మీటర్ల దూరంలో కూర్చోబెట్టి, గోడ మీది అక్షరాల పట్టీ చదివించి, చూపు ఎంతో రాసివ్వడం ఆ పని. పైన ఆరు, కింద ఆరు వస్తే నిండు చూపు. కింది అంకె పెరిగినకొద్దీ చూపు తరిగినట్టు. ఆయన ఎడమ కన్ను ఏనాడో మసకబారింది. కుడి కన్ను నడిమి చూపు కూడా నెమ్మదిగా పోతుందని వేసవిలో డాక్టరు చెప్పి, 6/12 అని రాసిచ్చాడు. ఆ కాగితాన్ని ఆయన కెమెరా సంచి అడుగున పెట్టాడు. 6/12 దాటనంతవరకు కెమెరా దించనవసరం లేదని తనకు తానే ఒక గీత గీసుకున్నాడు. ఆసుపత్రివాళ్లు వీడ్కోలు రోజున ఇచ్చిన పాత పట్టీని ఇంటి నడవలో తగిలించి, ప్రతి సోమవారం చదువుకునేవాడు. ప్రతి సోమవారం 6/12 వచ్చేది.

పక్షుల ఫొటోగ్రఫీ క్లబ్బులో ఆయన మాటంటే మాటే. కొత్తవాళ్లు వాడుకునే లెన్సుల బీరువా ఆయన పూనికతోనే వచ్చింది. సభ్యులు రాసి పంచుకునే పాఠాల్లో మొదటిదైన ఫోకస్ పాఠం ఆయనదే. అందులో తొలి వాక్యం అందరికీ కంఠతా వచ్చు: "కొమ్మకి కాదు, కంటికి." పిట్ట కన్ను స్పష్టంగా లేకపోతే పిట్ట లేనట్టే లెక్క.

క్లబ్బులో మరో ఆనవాయితీ కూడా ఆయన పెట్టిందే. ఫొటో తెర మీదికి వచ్చాక తీసినవారు నోరు మెదపకూడదు. తప్పు వెతకడం మిగతావాళ్ల వంతు. చివర తీసినవారు లేచి, "నాదే తప్పు" అని, ఎలా జరిగిందో దాచకుండా చెప్పాలి. పొగడ్తతో ఎవరూ నేర్చుకోరనేది ఆయన వాదం.

ఆ నెల ఫోకస్ పాఠాన్ని తిరగరాస్తున్నారు. కార్యదర్శి, బ్యాంకులో పనిచేసే ఆవిడ, ఫోన్ చేసింది. "మాస్టారూ, నమూనా ఫొటో మీదే ఉండాలి. కొత్తవాళ్లందరూ దాన్ని చూసే నేర్చుకుంటారు."

ఆయన లకుముకి ఫొటోను కంప్యూటర్‌లో తెరిచి భార్యను పిలిచాడు. "ఎలా ఉంది?"

కుట్టుమిషను ఆపి వచ్చి ఆవిడ చూసింది. "నీలంగా, ముచ్చటగా ఉందండీ."

ఆయన కెమెరా కార్డులోని ఫొటోలన్నీ కార్యదర్శికి పంపి, ఆ ఫొటో నంబరు చెప్పాడు.

సమావేశం గ్రంథాలయం మేడ మీది గదిలో జరిగింది. దీపాలు ఆర్పారు. లకుముకి తెర మీదికి వచ్చింది.

"అయ్యో, పిట్ట మసగ్గా ఉంది కదా?" అంది ముందు వరసలోని కొత్త సభ్యురాలు, ఒక నర్సు.

పోస్టాఫీసులో పనిచేసే ఆయన పకపకా నవ్వాడు. "పిచ్చి తల్లీ, అది మాస్టారు మనకి పెట్టిన పరీక్ష! కొమ్మ చూడు, బెరడు పగుళ్లు లెక్కపెట్టుకోవచ్చు. పిట్టేమో వానలో తడిసిన సిరా చుక్క. మనం చేసే తప్పే చేసి చూపించారాయన. తప్పు చేసినా ఎంత పొందిగ్గా చేశారో!"

అందరూ నవ్వారు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు.

మాస్టారు తల కాస్త పక్కకు తిప్పి తెర వైపు చూశాడు. తెర అంచులు కనిపించాయి. ముందు వరస తలలు, కిటికీ చువ్వలు కనిపించాయి. పిట్ట ఉండవలసిన చోట కంటితో పాటు తిరిగే ఎప్పటి బూడిదరంగు మచ్చే ఉంది. కెమెరా కిచ్‌మన్నది కొమ్మను చూసి. అది ఆయన ఇతరులకు ఎన్నోసార్లు చెప్పిన సంగతే. ఇప్పుడు తన తప్పును తన కంటితో చూసుకునే అవకాశం కూడా లేకపోయింది.

ఆయన లేచి నిలబడ్డాడు.

"నాదే..." అన్నాడు.

"చెప్పండి మాస్టారూ, ఎలా జరిగింది?" అన్నాడు పోస్టాఫీసాయన, నవ్వాపుకుంటూ.

"కావాలనే," అన్నాడు మాస్టారు. "మీరు పట్టుకుంటారో లేదో చూద్దామని."

తేలు కుట్టిన దొంగలా ఆయన వాళ్లతో పాటు నవ్వాడు. తాను పెట్టిన ఆనవాయితీని ఆ గదిలో తప్పినవాళ్లు అంతకు ముందు ఎవరూ లేరు.

అందరూ వెళ్లాక కార్యదర్శి మెట్ల దగ్గర ఆయన మోచెయ్యి పట్టుకుంది. అడక్కుండా పట్టుకుంది.

"పోస్టాఫీసాయన మాట్లాడుతున్నంతసేపూ మీ కార్డులో వెతికాను మాస్టారూ. మంచిదొకటి దొరికితే మార్చేద్దామని."

"దొరికిందా అమ్మా?"

ఆవిడ ఆయన్ని రెండు మెట్లు దింపింది. "ఆటో పిలవనా? ఇంటిదాకా నేనూ వస్తాను."

ఇంటికి చేరేసరికి భార్య కుట్టుమిషను ముందే ఉంది.

"ఏమన్నారు మీవాళ్లు?"

"బాగుందన్నావు కదా, ఆ ఫొటో."

"పిట్ట బాగుందన్నాను. ఏం, కాదా?"

ఆయన నడవలోని అక్షరాల పట్టీ దించి గోడవైపు తిప్పి పెట్టాడు. "దీన్ని ఉద్యోగమంతా పక్కవాళ్లతో చదివించాను. కళ్లు మూసుకున్నా వప్పజెప్పగలను. సోమవారం సోమవారం నేను చేసింది అదే." తన పరీక్షగదిలో ఇంకెవరైనా అలా చదివి ఉంటే ఆయనే నవ్వేవాడు.

చదువు రానివాళ్ల కోసం వాడే అట్టల పెట్టె తీశాడు. ఒక్కో అట్ట మీద మూడు కాళ్ల గుర్తు ఒకటే ఉంటుంది. ఎటు తిప్పి పట్టుకుంటే కాళ్లు అటు చూస్తాయి. కంఠతా పట్టడానికి వీలుండదు. భార్య తన కొలత టేపుతో ఆరు మీటర్లు కొలిచి, అటు చివర నిలబడింది. ఆయన ఎడమ కన్ను అరచేత్తో మూసుకున్నాడు.

"చిన్నవాటితో మొదలుపెట్టి పెద్దవాటికి పో. నువ్వేమీ చెప్పకు."

"ఎటు?"

"కుడికి."

"ఊ. ఇది?"

"పైకి... పైకే."

"సరిగ్గా చెప్పారు," అంది ఆవిడ. "చూడండి, అనవసరంగా..."

"నేను చెప్పాక తిప్పావు."

"లేదండీ."

"అట్ట చప్పుడైంది. చెవులు బాగానే ఉన్నాయి నాకు."

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. అది ఆయనకు కనిపించలేదు, గాజుల చప్పుడు మాత్రం వినిపించింది.

"ఇంకోసారి పెట్టనా?" అంది చివరికి.

"పెట్టు. ఈసారి కదపకు."

ఆవిడ రెండు చేతులతో అట్టను గట్టిగా పట్టుకుంది. ఒకదాని తర్వాత ఒకటి పెద్ద అట్టలు తీస్తూ వెళ్లింది. ఆయన తెలియనిదానికి తెలియదనే చెప్పాడు. పెట్టెలోని చివరి అట్ట, అన్నిటికన్నా పెద్దది, దాని దగ్గర మాత్రం ఆగి, తల పక్కకు వాల్చి, "కిందికి," అన్నాడు. అట్ట కదల్లేదు.

ఆయన కెమెరా సంచి అడుగు నుంచి డాక్టరు కాగితం తీసి, కలంతో సహా భార్య చేతికిచ్చాడు. దాని వెనుక ఏం రాయాలో చెప్పాడు. ఆవిడ రాసింది.

6/60