నా వెనక ఒక్కరూ మిగలకూడదు

2005లో, వానలు వెనకబట్టిన తర్వాత, సకలేశపుర కొండల్లో నాలుగు రోజుల సైకిల్ క్యాంపింగ్ ట్రిప్పుకి నన్ను స్వీప్‌గా వేశారు. బెంగళూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పీటీ టీచరుగా చాలా ఏళ్ళు చేసి, అది మానేసి, బొమ్మనహళ్ళిలో గోడౌను పెట్టుకుని ఇలాంటి ట్రిప్పులు నడిపే ఒక చిన్న కంపెనీలో చేరాను. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. స్వీప్ అంటే గుంపులో అందరికంటే వెనక వచ్చే గైడు. "ఇన్నేళ్ళు పంతులమ్మగా ఉండి ఇప్పుడు చీపురు పనికి పోతా ఉండావా?" అని మా అమ్మ ఎగతాళి చేసేది. ఆమె అన్నదాంట్లో పెద్ద తప్పేమీ లేదు. దారిలో మిగిలిపోయినవాళ్ళని ఊడ్చుకొచ్చే పనే అది.

మా పనిలో ముందు నడిచేవాణ్ణి లీడ్ అంటారు. ఎంత వేగంగా పోవాలో, ఎక్కడ ఆగాలో ఆయనే చెప్పాలి. చివర స్వీప్. స్వీప్ వెనకాల వ్యాను వస్తుంది. టెంట్లు, వంట సామాను, పంచరు సామాను, ఇక తొక్కలేమన్నవాళ్ళు, అన్నీ అందులోనే. లీడ్‌ని దాటి ఎవరూ ముందుకు పోకూడదు, స్వీప్ వెనక ఒక్కరూ మిగలకూడదు. ఈ రెండో నియమం తప్పితే మా కంపెనీలో క్షమాపణ లేదు. నాకు ముందు ఆ పని చూసినాయన వెనక ఒక సైక్లిస్టు మిగిలిపోయి, లారీ ఎక్కి క్షేమంగానే హాసన్ చేరాడు. అయినా ఆయన్ని ఇంటికి పంపేశారు. ఆ సంగతి చెప్పే నన్ను పనిలో పెట్టుకున్నారు.

ఆ ట్రిప్పుకి లీడ్ మాచయ్య. కొడగు మనిషి, పటాలంలో చేసి వచ్చినవాడు, మాట పొదుపు. వచ్చినవాళ్ళు వైట్‌ఫీల్డులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒకే టీము, ముక్కాలువాసి మన తెలుగువాళ్ళే. వాళ్ళ మేనేజరు శ్రీధర్ ఈ ట్రిప్పు ఏర్పాటు చేశాడు. నలభై దాటిన మనిషి, ఖరీదైన సైకిలు, కలుపుగోలు మాట. అందరికీ టీ తానే అందించేవాడు. చెడ్డవాడని నేను అనను.

బయల్దేరిన రోజు హాసన్‌లో టిఫినుకి ఆగినప్పుడు ఆయన ఒక ఫ్యాన్సీ స్టోరుకి పోయి ఎర్ర ప్లాస్టిక్ గాజులు కొనుక్కొచ్చాడు. వ్యాను ఎక్కిన మగవాడికి ఆ సాయంత్రం గాజులు తొడుగుతామని ప్రకటించి, వాటిని డ్రైవరు ముందున్న అద్దానికి వేలాడదీశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఊరుకోలేక, "గాజులు తొడుక్కునే ఈ ఘాట్లన్నీ ఎక్కుతున్నాను సార్" అన్నాను. ఆయన పగలబడి నవ్వి, మేడమ్ సెన్సాఫ్ హ్యూమర్ సూపర్ అన్నాడు. మాచయ్యతో చెబితే, అది కస్టమర్ల సరదా, మనకెందుకు, ఊరుకో అని కన్నడంలో తేల్చేశాడు.

మొదటి రోజే నవీన్ అనే అబ్బాయి దొరికిపోయాడు. ఆ ఏడే ఉద్యోగంలో చేరినవాడు, కడప వైపు నుంచి వచ్చినవాడు. మధ్యాహ్నం ఎండలో పిక్కలు పట్టేసి కేకలు పెడితే నేనే పట్టుకుని వ్యాను ఎక్కించాను. సాయంత్రం క్యాంపులో అతని రెండు చేతులకీ గాజులు తొడిగి ఫోటోలు తీశారు. అతను నవ్వుతూనే తొడిగించుకున్నాడు. తర్వాత అన్నం తినేటప్పుడు మాత్రం తల ఎత్తలేదు. చెయ్యి కదిలినప్పుడల్లా గాజుల చప్పుడు వినపడుతుంటే నా ఒళ్ళు మండిపోయింది.

మరుసటి రోజు పొద్దున్నే గాజులు మళ్ళీ అద్దానికి ఎక్కాయి. ఇక వ్యాను దరిదాపులకి ఎవడైనా వస్తే ఒట్టు. తొడలు వణుకుతున్నా సరే, కక్కుకునేలా ఉన్నా సరే, బాగున్నామనే అన్నారు. ఈ రోజు తన బండిలో ఉల్లిగడ్డలు తప్ప ప్యాసింజర్లు లేరని డ్రైవరు నవ్వాడు.

ఆ మధ్యాహ్నం దారి రిజర్వు అడవిలోంచి పోతుంది. అడవి దాటాక ఫారెస్టు చెక్‌పోస్టు, దాని పక్కన కాఫీ ఎస్టేటులో మా క్యాంపు. చీకటి పడకముందే గేటు వేసేస్తారు. సాయంత్రమైతే ఏనుగులు ఆ దారి దాటి వాగుకి దిగుతాయి. అందుకే అక్కడ ఎవరూ ఆగకూడదని మాచయ్య ముందే గట్టిగా చెప్పాడు.

టీ తాగి బయల్దేరేసరికి శ్రీధర్ నా ముందు ఆఖరివాడయ్యాడు. కుడి మోకాలు వంచలేకపోతున్నాడని పెడలు తొక్కడంలోనే తెలుస్తోంది. వ్యాను ఎక్కమని మర్యాదగా చెప్పాను. మళ్ళీ చెప్పాను. ఆయన నవ్వి, కొంచెం ఊపు అందుకోవాలి మేడమ్ అని, పళ్ళ బిగువున తొక్కి మలుపు తిరిగాడు. నేను మలుపు తిరిగేసరికి రోడ్డు ఖాళీగా ఉంది.

ఏదో అనుమానం తగిలింది. దిగి పేరు పెట్టి పిలిచాను. మా దగ్గర ఉండే విజిల్ ఊదాను. వెనక వ్యాను ఆపి డ్రైవరు కూడా కేకేశాడు. లోయలోకి తొంగి చూశాం, జారిపడిన గుర్తేమీ లేదు. జవాబు రాలేదు. ముందు మలుపు కూడా దాటేసి ఉంటాడు, పంతం మనిషి కదా అని డ్రైవరు అన్నాడు. నాకూ అదే సబబనిపించి ముందుకు కదిలాం. చెక్‌పోస్టు దగ్గర మాచయ్య అందర్నీ నిలబెట్టి లెక్క చూశాడు. ఒకరు తక్కువ.

నా ముందే ఉండాడని ఎంత చెప్పినా, ముందు లేడు కాబట్టి వెనకే ఉన్నాడు. వెనక ఉన్నాడంటే నేను వదిలేసి వచ్చాను. నియమం ప్రకారం లీడ్ గుంపుతో ఉండాలి, స్వీప్ వెనక్కి పోవాలి. చెక్‌పోస్టు గార్డుని ఎక్కించుకుని వ్యానులో తిరిగి అడవిలోకి వెళ్ళాను. హారన్ కొట్టొద్దు, అరవొద్దు అని గార్డు ముందే చెప్పాడు. పిల్ల ఉన్న ఏనుగుల గుంపు రెండు రోజులుగా ఆ చుట్టుపక్కలే తిరుగుతోందట. ఇందాక గొంతు చించుకుని పిలిచినదాన్ని, ఇప్పుడు నోరు మూసుకుని రెండు పక్కలా చూస్తూ కూర్చోవాలి. ఆయనకి భార్యా పిల్లలు ఉంటారు కదా, వాళ్ళకి ఫోను ఎవరు చెయ్యాలి అన్నదే నా బుర్రలో తిరిగింది.

ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి గార్డు చెయ్యి ఎత్తాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ముందు ఒక పెద్ద ఆడ ఏనుగు రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. దాని కాళ్ళ మధ్య పిల్ల. వాటి వెనక లాంటానా పొదల్లో, ఏనుగు తొండం చాస్తే అందేంత దూరంలో, మా కంపెనీ ఇచ్చే నారింజ రంగు జాకెట్టు కనిపించింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. గార్డు నా భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే మర్నాటికి కమిలిపోయింది. తల్లి తొండం ఎత్తి గాలి వాసన చూసింది. పిల్లని ముందుకు తోసింది. తర్వాత మరో రెండు వచ్చి, నిదానంగా రోడ్డు దాటి వాగువైపు దిగిపోయాయి.

గార్డు సరే అన్నాక పరిగెత్తాను. శ్రీధర్ ఒక బండ వెనక మోకాలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. కిందపడ్డాడేమో, స్పృహ తప్పిందేమో అనుకుంటూ సైకిలు కోసం చూశాను. సైకిలు బండకి ఆనించి ఉంది. దాని మీద లాంటానా కొమ్మలు విరిచి, రోడ్డు మీదికి కనపడకుండా కప్పి ఉన్నాయి. హెల్మెట్టు హ్యాండిలుకి చక్కగా తగిలించి ఉంది.

నేను నిర్ఘాంతపోయాను. పడిపోయినవాడు సైకిలు మీద కొమ్మలు కప్పుకోడు కదా.

వ్యానులో ఆయనే మెల్లగా చెప్పాడు. మేమంతా దాటిపోయాక కాస్త కూర్చుని, మోకాలు సర్దుకున్నాక నెమ్మదిగా తొక్కుకుంటూ వచ్చేద్దామనుకున్నాడట. లేవబోతే కాలు నిలవలేదట. ఫోటో తీయడానికి లోపలికి వెళ్ళి దారి తప్పానని చెబుతాను, మీరు కూడా అలాగే అనండి మేడమ్ అన్నాడు. దారి పొడుగునా అద్దానికి ఆ గాజులు ఊగుతూనే ఉన్నాయి.

క్యాంపులో దిగగానే టీమంతా చుట్టుముట్టింది. ఏనుగుల మధ్య ఒంటరిగా కూర్చున్నారా సార్ అని నోళ్ళు వెళ్ళబెట్టారు. మోకాలికి ఐసు పెట్టారు. గాజుల ఊసు ఒక్కడూ ఎత్తలేదు. నిన్న నవీన్‌కి తొడిగిన చేతులే ఇప్పుడు చప్పట్లు కొట్టాయి. మాచయ్య ఒక పక్కన నిలబడి వింటున్నాడు. శ్రీధర్ చెప్పేదాన్ని బట్టి స్వీప్ చూసుకోకుండా దాటిపోయినట్టే లెక్క. ఆ రాత్రే ఆఫీసుకి ఫోను పోతుంది, నా ఉద్యోగం అక్కడితో సరి. నిజం బయటపెట్టాలంటే ఒక కస్టమరుని అతని టీము ముందు అబద్ధాలకోరని అనాలి. నన్ను ఎవరు నమ్ముతారు?

కథ చెబుతూ చెబుతూ శ్రీధర్ నా వైపు చూసి జాలి కూడా చూపించాడు.

"మేడమ్‌ని ఏమీ అనొద్దు. పాపం, గొంతు పోయేలా పిలిచింది. విజిల్ కూడా ఊదింది."

అందరూ తలలూపారు. వెనక నిలబడ్డ నవీన్ మాత్రం మెల్లగా అడిగాడు.

"విన్నారా సార్? మరి పలకలేదేం?"

అతని గొంతులో వెటకారం లేదు. నిజంగా అర్థంకాకే అడిగాడు. ఒకరి తర్వాత ఒకరు తలలు తిప్పి వ్యాను వైపు, ఆ అద్దం వైపు చూశారు.

"విన్నాను" అన్నాడు శ్రీధర్ చివరికి. "వెనకే వ్యాను వస్తా ఉండింది."

నేను ఒక్క మాటే అన్నాను. "ప్లాస్టిక్ గాజులకి ప్రాణం ఇస్తావా అప్పా?" కస్టమరుని ఏకవచనంలో అన్నది నా ఉద్యోగంలో అదొక్కసారే. మాచయ్య వెళ్ళి గాజులు తెంపి చెత్త సంచిలో పడేశాడు. ఆఫీసుకి ఫోను చేశాడు గానీ, నా మీద తప్పు రాయలేదు. మర్నాడు శ్రీధర్‌తో పాటు ఇంకో నలుగురు పొద్దున్నే వ్యానులో కూర్చున్నారు. అందులో ఇద్దరికి ముందురోజు నుంచే జ్వరం.

ఆ ట్రిప్పు దాకా, వెనక చూపు పదునుగా ఉంటే స్వీప్ పని అయినట్టేనని నేను అనుకునేదాన్ని. మనిషి దాక్కోవాలనుకుంటే ఏ చూపూ పనికిరాదని అక్కడ తెలిసింది. వాళ్ళు దాక్కోవాల్సిన అవసరం రాకుండా చూడటమే అసలు పని. తర్వాతి ఏళ్ళలో లీడ్ కూడా అయ్యాను. రిటైరయ్యేదాకా ప్రతి ట్రిప్పులో మొదటి రోజు మొదటి ఘాటు సగంలో, కాళ్ళు బాగానే ఉన్నా, అందరూ చూస్తుండగా సైకిలు పైకెత్తించి వ్యాను ఎక్కిన మొదటి మనిషిని నేనే.